ఉత్తరపు గది

వార్డో దీవిలో నవంబరు చివర
సూర్యుడు సెలవు చీటీ కూడా పెట్టకుండా పోతాడు.
మళ్ళీ జనవరి సగం దాటాకే.
నాకు పని ఎక్కువ దొరికేది అప్పుడే.
చీకటి పడితే గాని మనుషులకు
తమ గోడలు కనపడవు.

బోర్గ్‌హిల్డ్ పిలిచింది.
"ఉత్తరపు గదికి రంగెయ్యాలి సిగ్రున్, మూల్తె పండు రంగు.
ఆగస్టులో చిత్తడి నేలల్లో ఏరుకుంటామే, బాగా మగ్గింది,
గింజ చుట్టూ దీపం వెలిగించినట్టుంటుందే, అది."
కుర్చీలోంచి ఓద్‌మున్ అన్నాడు: "నీలం."
ముప్పై ఏడేళ్ళు కాడ్ చేపల పడవ మీద గడిపినవాడు.
"ఇంకా నీలమేనా? కడుపు నిండలేదా?" అందామె.
"నీలం," అన్నాడు మళ్ళీ,
ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

నేను తగువులు తీర్చను.
గోడ మీద మూరెడేసి చదరాలు రెండు వేసి
ఒక పగలూ ఒక రాత్రీ వాటి మానాన వదిలేయమంటాను.
డబ్బా మూత మీది రంగు పెళ్ళిచూపుల నాటి మాట.
కాపురం గోడ మీద.

మధ్యాహ్నం పన్నెండుకి
కిటికీలోంచి వచ్చింది వెలుగు కాదు,
వెలుగు తాలూకు కబురు. పలచటి నీలి కబురు.
అది తగలగానే మూల్తె పండు
దెబ్బ తగిలిన మోకాలిలా కమిలింది.
నీలం మాత్రం సొంతవాళ్ళు వచ్చినట్టు
లోలోపలికి తలుపులు తీసుకుంటూ పోయింది.
సాయంత్రం బల్లదీపం వేశాం.
ఈసారి పండు పాకం పట్టింది,
నీలం మొహం మాడ్చుకుని బూడిదైంది.

ఏ రంగూ పుట్టుకతో వేడిది కాదు.
తెలుపునే చూడండి,
ఒక తెలుపు పాలమీగడ వైపు ఒరుగుతుంది,
ఒక తెలుపు మంచుగడ్డ వైపు.
విడిగా చూస్తే రెండూ ఒట్టి తెలుపే.
పక్కపక్కన పెడితే
ఒకదాని గుట్టు ఇంకొకటి బయటపెడుతుంది.
నీలంలో చెంచాడు ఎరుపు కలిపితే చలి విరుగుతుంది.
పసుపులో పచ్చ చుక్క పడితే చాలు, వణుకు పుడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా కలుపుతున్నాను,
ఇప్పటికీ కర్ర తిప్పేటప్పుడు ఊపిరి బిగబడుతుంది.

కాఫీ తాగుతూ అడిగాను, "ఏది నచ్చింది ఓద్‌మున్?"
లేచాడు. గోడ దగ్గరికి నడిచాడు.
మూల్తె చదరం పక్కన, పాత తెల్లగోడ మీద వేలు పెట్టి
"ఇదేగా పండు?" అన్నాడు.
తర్వాత నీలం ముందు చాలాసేపు నిలబడి
"ఇది ఇంకా వెయ్యలేదా?" అన్నాడు.

బోర్గ్‌హిల్డ్ కప్పును సాసరు మీద కాక
ఉత్త బల్ల మీద పెట్టింది.

కంట్లో పొర ముదిరి, ఎన్నేళ్ళుగానో
తేనెసీసాలోంచి చూస్తున్నాడు లోకాన్ని.
మంచు, రొట్టె, పక్కదుప్పటి, ఆమె జుట్టు
అన్నీ ఒకే ఎండలో.
నీలం అడిగింది సముద్రం చాలక కాదు,
సముద్రం కనపడక.

మార్చిలో కిర్కెనెస్ వెళ్ళి ఒక కన్ను చేయించుకొచ్చాడు.
కట్టు విప్పిన మర్నాడు నాకు కబురు పెట్టారు.
వెళ్ళేసరికి చదరాలను చూడనే లేదు మనిషి.
ఒక కన్ను మూస్తాడు, తీస్తాడు, ఇంకోటి మూస్తాడు.
అదే తెల్లగోడ
ఈ కంటికి మీగడ, ఆ కంటికి మంచు.
"వేడి కన్ను, చలవ కన్ను," అని
తనలో తనే నవ్వుకుంటాడు.
ఆమె వైపు తిరిగి, వేడి కన్ను అరచేత్తో కప్పి,
"నీ కళ్ళు బూడిదరంగువి కదూ," అన్నాడు.
"తేనెరంగువని... ఎప్పట్నుంచి అనుకుంటున్నానో."
"ఎప్పుడూ ఇవే," అందామె విసురుగా,
మొహం కిటికీ వైపు తిప్పుకుని.

రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.
రెండు ఆగస్టులు గడిచాయి.
ఆ చదరాలు అలాగే ఉన్నాయి,
మధ్యలో మేకు కొట్టి క్యాలెండర్ తగిలించుకున్నారు.
బిల్లులో రెండు మూరల రంగు, ఒక రోజు కూలి రాశాను.
కాఫీకి కొంత తగ్గించాను.